సగం కట్టిన గూడు

ఆ ఇంట్లో అలారం పెట్టుకోవడం మానేసి చాలా రోజులైంది. తెల్లారిందంటే చాలు, పనిగదిలో కోడిపిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి దూకడం మొదలుపెట్టేవి. ఆ గోల మధ్యలోంచి అత్తగారి దగ్గు వినిపించేది. కోడలు వంటింట్లో టీ మరగబెడుతూ రెండూ వినేది. ఆ రోజు పొద్దున దగ్గే ఎక్కువసేపు వినిపించింది.

టీ గ్లాసు పట్టుకుని వెళ్ళేసరికి అత్తగారు మంచం మీద కూర్చుని ఉంది. ఒళ్ళో ఒక పిల్ల, భుజం మీద ఒక పిల్ల. దిండెక్కిన ఇంకొకటి మెడ సాగదీసి, తుప్పు పట్టిన గొళ్ళెం లాగినట్టు ఒక కూత కూసింది.

“విన్నావా? పుంజే! నేను చెప్పలా?” అంది అత్తగారు దగ్గు ఆపుకుంటూ.

“విన్నాను. దిండు మీద అది ఏం చేసిందో కూడా చూశాను. టీ తాగండి అత్తయ్యా, చల్లారిపోతుంది.”

“ఎంత పొగరుగా చూస్తోందో చూడు. అచ్చం వాడే.”

కోడలు వెళ్ళి కిటికీ తెరిచింది. వెలుతురు పడేసరికి గాలిలో తెల్లటి నుసి తేలుతూ కనిపించింది. ఈకల నుసి, రెట్టల దుమ్ము. మంచం మీద, గ్లాసు అంచు మీద, అత్తగారి జుట్టులో అంతా అదే. డాక్టరు మొన్ననే తెగేసి చెప్పాడు, ఆ గదిలో కోళ్ళయినా ఉండాలి, మీరైనా ఉండాలి అని. అత్తగారు ఆయన ముందు బుద్ధిగా తలూపి, ఇంటికి రాగానే మళ్ళీ ఆ గదిలోనే పక్క వేసుకుంది.

“కిటికీ మూయవే! పిల్లలు వణికిపోతాయి.”

“వణికేది మీరు. అవి చక్కగా ఈకలు కప్పుకుని ఉన్నాయి. ఇంక వాటిని పెరట్లో గూటికి పంపేద్దాం అత్తయ్యా.”

“ఈ చలిలోనా? నీకసలు మనసనేది ఉందా?”

మనసు ఉందో లేదో చెప్పే తీరిక కోడలికి లేదు. ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే చోట ఆమెకి పని. ఆలస్యమైతే మేస్త్రీ ఊరుకోడు. చీపురు తీసుకుని, మంచం కింద నుసి ఊడ్చి, ఖాళీ గ్లాసు పట్టుకుని బయటికి వచ్చేసింది.

అవి ఉత్త కోడిపిల్లలే అయితే ఇంత గొడవ లేకపోను. వాటిని పొదగేసింది అత్తగారి కొడుకు. ఇప్పుడు అతను లేడు.

వీధిలో అతన్ని అందరూ ‘సగం’ అనేవారు. ఆ పేరు పెట్టింది కన్నతల్లే. చేసేది వడ్రంగం. పనితనానికి బయటివాళ్ళు వంక పెట్టడానికి లేదు. ఇంటి పనికి వచ్చేసరికి మాత్రం ఏదీ చివరికంటా చేసిన పాపాన పోలేదు. చెక్క బీరువా చేశాడు, తలుపులు పెట్టలేదు. పీట చేశాడు, మూడు కాళ్ళకే రంగు వేశాడు. స్నానాల గది తలుపుకి గడియ బిగించలేదు గనక లోపల ఎవరున్నా పాట పాడుతూ ఉండాల్సిందే. అడిగితే “పూర్తయిందిగా, ఇంకేం కావాలి?” అని నవ్వేవాడు.

అతనికి ఒక అలవాటుండేది. ఒప్పుకున్న పని అయిపోయాక, ఎవరికీ కనిపించని చోట చూసుకుని ఒక చిన్న ఇత్తడి మేకు కొట్టేవాడు. అది కొట్టాడంటే ఇక ఆ వస్తువు మీద ఉలి పెట్టడన్నమాట. ఎవరింట్లో మంచం కింద దూరి చూసినా, కిటికీ చట్రం వెనక తడిమి చూసినా ఆ మేకు తగిలేది. తన ఇంట్లో మాత్రం ఒక్క వస్తువుకీ లేదు. అత్తగారు పీటని తిరగేసి “ఏదిరా మేకు?” అనేది. “వస్తుందమ్మా, తొందరేంటి?” అనేవాడు. ఆ వాదన ఆ ఇంట్లో రోజూ జరిగే వేడుక.

వానలు వెనకపట్టే రోజుల్లో ఒక ఇంటి పైకప్పు దూలాల మీద పనిచేస్తూ కాలు జారి పడిపోయాడు. పొద్దున టీ తాగి వెళ్ళినవాడు సాయంత్రానికి లేడు. అప్పటికి కొన్నాళ్ళ ముందే పెట్టని పొదగేసి, పిల్లలు ఎదిగేలోపు గూడు కడతానని పెరటి గోడ వారగా పని మొదలుపెట్టాడు. అతను పోయాక ఆ పిల్లలు లేచాయి. ఆ వెంటనే పెట్టని కుక్క పట్టుకుపోయింది. తలుపులు లేని ఆ బీరువాని అత్తగారు వెల్లకిలా పడుకోబెట్టింది. అందులో కొడుకు చిత్రిక పట్టగా మిగిలిన పొట్టు పరిచి, పైన బల్బు వేలాడదీసి, పిల్లల్ని అందులో వేసింది. తన మంచం కూడా ఆ గదిలోకే లాక్కుంది. ఆ రోజు నుంచి ఆమె లోకం ఆ బీరువాయే.

సెలవురోజు ఆడపడుచు వచ్చింది. ఆమె బస్సు కండక్టరు. పుట్టింటికి వచ్చినా గుమ్మంలో నిలబడి, అందర్నీ ముందుకు జరగమన్నట్టే మాట్లాడుతుంది.

“అమ్మా, ఇది ఇల్లా, కోళ్ళ ఫారమా? చెప్పులు విప్పాలో తొడుక్కోవాలో తెలీట్లేదు.”

“నీ తమ్ముడు పొదగేసినవే.”

“అందుకని వాటి పక్కలో పడుకుంటావా? నీ ఎగశ్వాస వీధి మలుపు దాకా వినబడుతోంది. ఏమ్మా మరదలా, నువ్వేం చేస్తున్నావ్, చూస్తూ ఊరుకున్నావా?”

“రోజూ చెబుతూనే ఉన్నాను వదినా.”

“చెబితే వినే మనిషా! చెయ్యాలి.” బీరువాలో చెయ్యి పెట్టి ఒక పిల్లని పట్టుకుని, రెక్క విప్పి చూపించింది. “ఇదిగో చూడు, నా స్వెట్టరు కంటే ఒత్తుగా ఉంది. దీనికి చలేంటి?”

“పసివే అవి. తల్లి కూడా లేదు,” అంది అత్తగారు. కండక్టరమ్మ పిల్లని మెల్లిగా కిందికి దించేసింది.

కోడలే మధ్యేమార్గం చెప్పింది. “ఒక్కసారిగా వద్దు. ముందు ఈ బల్బు తగ్గిస్తూ వద్దాం. మధ్యాహ్నం ఎండపూట గూట్లో వదిలి, పొద్దు వాలకముందే లోపలికి తెచ్చేద్దాం. చలికి అలవాటుపడ్డాక అక్కడే ఉంచుదాం. మీరే పక్కన కూర్చుని చూసుకోండి అత్తయ్యా. మీరు సరే అన్నాకే.”

అత్తగారు చాలాసేపు కూతురి మొహం, కోడలి మొహం మార్చి మార్చి చూసింది. “ఒక్కటి పోయినా నేను ఊరుకోను. వాడు మిగిల్చింది ఇవే,” అంది చివరికి.

ఆ మాట నిజం. తలుపుల్లేని బీరువా, రంగు పూర్తికాని పీట కాక అతను ఈ లోకంలో ఊపిరి పోసి వదిలిన పని అదొక్కటే. పిల్లాజెల్లా లేని ఇల్లు వాళ్ళది. ఆ కోడిపిల్లలు పోతే మళ్ళీ రావని ముగ్గురికీ తెలుసు.

మర్నాటి నుంచి మధ్యాహ్నాలు అత్తగారు శాలువా కప్పుకుని, మూడు కాళ్ళకే రంగున్న ఆ పీట వేసుకుని గూడు ముందు కూర్చునేది. మొదట్లో పిల్లలు తలుపు దగ్గరే ముద్దగా నిలబడి ఆమెని చూస్తూ ఏడ్చేవి. ఆమె కళ్ళు ఒత్తుకునేది. కొద్దిరోజులకి అవి ఆమెని మరిచిపోయి మట్టి గీరుకోవడంలో పడ్డాయి. దానికీ ఆమె కళ్ళు ఒత్తుకుంది. పుంజుపిల్ల మాత్రం గూట్లో కొట్టిన అడ్డకర్ర మీదికి ఎగిరి కూర్చుని, అక్కడినుంచి అందర్నీ అదలించేది. ఎండ తగలడం వల్లో, దుమ్ము తగ్గడం వల్లో అత్తగారి దగ్గు కూడా కాస్త వెనకపట్టింది. కోడలు లోలోపల సంతోషించింది గాని పైకి అనలేదు, అంటే దిష్టి తగులుతుందన్నట్టు.

ఇక లోపలికి తేవక్కర్లేదని అనుకున్న రోజు సాయంత్రం, కోడలు పొట్టు సంచి మోసుకుని గూడు దగ్గరికి వచ్చేసరికి అత్తగారు పీట ఎక్కి నిలబడి పైకి చూస్తోంది.

“దిగండి, పడతారు! ఏంటి చూస్తున్నారు?”

“ఇటు రా. ఇది చూడు. నేను అనుకుంటూనే ఉన్నా.”

గూడు నాలుగు వైపులా చెక్కలు బాగానే బిగించి ఉన్నాయి. కప్పు రేకు కిందికి వచ్చేసరికి మాత్రం ఒక చెక్క తక్కువైంది. జానెడు వెడల్పున చుట్టూ సందు. దానికి సన్నటి ఇనుప జాలీ ఉంది అంతే. అందులోంచి సాయంత్రపు గాలి చల్లగా పోతోంది.

“జాలీ కొట్టాడు, చెక్క కొట్టడం మరిచాడు,” అంది అత్తగారు. “పిల్లులు దూరకుండా అప్పటికి ఏదో అడ్డం పెట్టి, చెక్క రేపు కొడదాంలే అనుకుని ఉంటాడు. ఇది కూడా సగమే చేసి పోయాడు చూడు.” అంటూనే నవ్వబోయింది. నవ్వు సగంలో ఏడుపైపోయింది. పీట మీద నిలబడే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

కోడలికి ఆఖరి రోజు పొద్దున మొగుడన్న మాటేదో గుర్తొచ్చింది. అతని ‘పూర్తయింది’ సంగతి ఎవరికి తెలియదు! ఊరుకుంది.

“చెక్క కొట్టడం మనకి రాదు గాని, గుడ్డలు కుక్కుదాం అత్తయ్యా,” అంది.

“ఏం గుడ్డలు?”

కోడలు లోపలికి వెళ్ళి మొగుడి పని చొక్కాలు తెచ్చింది. ఎవరికీ ఇవ్వబుద్ధి కాక, తొడిగేవాళ్ళు లేక అల్మరాలో మూలన పడి ఉన్నవి. పొట్టు వాసన ఇంకా పోలేదు. ఒక్కొక్కటీ మడిచి ఆమె అందిస్తుంటే, అత్తగారు రేకుకీ చెక్కకీ మధ్య వేళ్ళు నొప్పి పుట్టేలా కుక్కింది. ఎక్కడా వెలుతురు కనిపించకుండా చుట్టూరా కట్టుదిట్టం చేశారు. తలుపు సందుకి కూడా గోనెపట్టా కొట్టి, లోపల బల్బు వెలిగించారు.

“వాడి చొక్కాలే వాటికి దుప్పటి,” అంది అత్తగారు పీట దిగుతూ. చాలాకాలానికి ఆ ముఖంలో ఒక పని ముగించిన తృప్తి కనిపించింది. ఇద్దరూ ఆ గోడ వారనే కాసేపు నిలబడి లోపలి కువకువలు విన్నారు.

చలి ముదిరింది. పొద్దెక్కినా మంచు విడవడం లేదు. గూడు తలుపు తెరిస్తే చలిగాలి పోతుందని అత్తగారు దాన్ని తెరవడం కూడా తగ్గించేసింది. గింజలు, నీళ్ళు పెట్టడానికి సందు చేసి చెయ్యి దూర్చడం, మళ్ళీ మూసేయడం. “లోపల వెచ్చగా ఉందే, స్నానాల గదిలా,” అని కోడలికి సంబరంగా చెప్పింది. కోడలూ సంబరపడింది.

తర్వాత ఒక పొద్దున, పనికి బయల్దేరడానికి జడ వేసుకుంటున్న కోడలికి పెరట్లోంచి కేక వినిపించింది. కేక కూడా కాదు, గొంతులోనే విరిగిన చప్పుడు. జడ వదిలేసి పరిగెత్తింది.

అత్తగారు గూడు తలుపు తెరిచి మోకాళ్ళ మీద కూలబడి ఉంది. లోపల పిల్లలన్నీ ఈకలు ఉబ్బించుకుని, కళ్ళు సగం మూసుకుని, నోళ్ళు తెరిచి ఊపిరి లాక్కుంటున్నాయి. ప్రతిదాని గొంతులోనూ గురగుర. కింద పొట్టు మీద రెండు పక్కకి ఒరిగిపోయి ఉన్నాయి. అందులో ఒకటి పుంజుపిల్ల.

అత్తగారు దాన్ని అరచేతుల్లోకి తీసుకుంది. మెడ వాలిపోయింది. శాలువా అంచుతో దాని ముక్కు తుడిచింది, మళ్ళీ తుడిచింది.

“చలికే,” అంది. “చలికే పోయింది. నేను చెప్పానా లేదా?”

“అత్తయ్యా...”

“వద్దంటే విన్నారా? దుమ్మట! దగ్గట! నా దగ్గుతో నేను చచ్చేదాన్నిగా, మీకేం పోయింది?” తలెత్తి కోడలి వైపు చూసింది. ఆ చూపులో ఎదురుగా ఉన్నది ఎవరో తెలియనంత కోపం ఉంది. “నీకు అందర్నీ బయటికి తోలడమే తెలుసు. వాణ్ణీ అలాగే తోలావు.”

కోడలు గూడు తలుపు పట్టుకుంది.

“నాకు వినబడలేదనుకున్నావా? స్నానాల గదిలో ఉన్నాను గాని చెవులు మూసుకుని లేను. వానగా ఉంది, ఇవాళ వెళ్ళబుద్ధి కావట్లేదు అన్నాడు. అన్నాడా లేదా? ఒప్పుకున్న పని, వాళ్ళు ఎదురుచూస్తారు, వెళ్ళి రా అని సంచి చేతికిచ్చింది ఎవరు?”

రెండు నెలలుగా ఆ మాట ఎప్పుడు పడుతుందా అని కోడలు ఎదురుచూస్తూనే ఉంది. ఆవిరి కక్కే దుప్పట్లు పిండుతూ రోజంతా తనకి తాను చెప్పుకునే మాటే అది. ఇంకొకరి నోట వినడం మాత్రం ఇదే మొదటిసారి.

“నేనే ఇచ్చాను అత్తయ్యా,” అంది. “నేనే.”

ఎదురు మాట వస్తే అత్తగారికి ఇంకా అనాలని ఉందేమో. రాలేదు. చచ్చిన పిల్లని గుండెకి హత్తుకుని, “మిగిలినవాటిని లోపలికి తెచ్చెయ్. బీరువాలో పెట్టు. నా ముందుకి రాకు,” అంది. అలా అంటూనే దగ్గు తెర రావడంతో గోడకి ఆనుకుంది.

కోడలు కళ్ళు తుడుచుకుని, పిల్లల్ని తీయడానికి గూట్లోకి తల దూర్చింది. అంతే, అక్కడే ఆగిపోయింది.

ఆ వాసన ఆమెకి తెలుసు. ఆ ఉక్క తెలుసు. ఆస్పత్రిలో ఉతుకుగది పైన గాలి బయటికి లాగే ఫ్యాను పాడైపోయిన రోజు ఇలాగే ఉంటుంది. ఆవిరికి దారి లేక కప్పుకి పట్టి, చల్లబడి, చినుకుల్లా నెత్తి మీద పడుతుంది. ఆ రోజు అక్కడ పనిచేసే ఆడవాళ్ళందరికీ రొంప పడుతుంది. చెయ్యెత్తి రేకుని తడిమింది. అరచెయ్యి నిండా నీళ్ళు. అడుగున పొట్టు పిండితే కారేటట్టుంది. పిల్లల వీపులు తడిసి ఈకలు అతుక్కుపోయాయి. వెచ్చదనం ఇచ్చామనుకున్నారు. వాటి ఊపిరే వాటి మీద వానై కురిసింది.

“అత్తయ్యా, ఇది చలి కాదు. తడి!” అని అరిచింది.

నడుం దాకా గూట్లోకి దూరి, పైన కుక్కిన చొక్కాని లోపలినుంచి లాగింది. బిగుసుకుపోయి రాలేదు. రెండు చేతులతో పట్టి గుంజింది. నీళ్ళోడుతూ ఊడి మొహాన పడింది. ఆ వెంటే పొడి గాలి ఒకటి సందులోంచి లోపలికి వచ్చింది. ఇంకో చొక్కా లాగింది. ఇంకోటి. గాలి తల పైనుంచి ఈ పక్క నుంచి ఆ పక్కకి పోతోంది గాని, అడ్డకర్ర మీద కూర్చున్న పిల్లలకి ఈక కూడా కదలడం లేదు. కప్పు రేకు చూరు ముందుకి చాచి ఉంది గనక వాన జల్లు కూడా లోపలికి రాదు.

ఆమె వేళ్ళు సందు అంచు మీద ఆగాయి. చెక్క పై అంచు నున్నగా ఉంది. గరుకు కాగితంతో రుద్ది, మూలలు గుండ్రంగా తీసి, నూనె పట్టించి ఉంది. దాని మీద ఇంకో చెక్క బిగించేదుంటే ఏ వడ్రంగీ ఆ అంచుని అలా నున్న చెయ్యడు. పదేళ్ళు వడ్రంగితో కాపురం చేసినదానికి ఆ మాత్రం తెలుసు. జాలీ కూడా అప్పటికప్పుడు కొట్టింది కాదు. చెక్కలో సన్నటి గాడి తవ్వి, అందులో దిగేసి ఉంది.

ఆఖరి చొక్కా తలుపు పైన మూలలో ఉంది. దాన్ని లాగేసి, ఆ చోటు తడిమింది. దూలం లోపలివైపు, ఎవరూ తల దూర్చి చూడని చోట, వేలికి చల్లగా గుండ్రంగా ఏదో తగిలింది.

చాలాసేపు ఆమె బయటికి రాలేదు.

“ఏమైందే? ఏమయ్యావు?” అంది అత్తగారు. కోపం ఇంకా ఉంది గాని అందులో భయం చేరింది.

కోడలు వెనక్కి జరిగి బయటికి వచ్చింది. జుట్టు నిండా పొట్టు. అత్తగారి చేతిలోంచి పిల్లని మెల్లిగా తీసి పీట మీద పెట్టింది. ఆమె చెయ్యి పట్టుకుని గూట్లోకి వంగదీసి, ఆ ముసలి వేలిని దూలం మీద పెట్టింది.

అత్తగారు తడిమింది. ఒకసారి, రెండోసారి. కళ్ళు మూసుకుని ఇంకోసారి. ఎన్నో ఏళ్ళు పీటల కింద, బీరువా వెనక వెతికిన వేలు అది. దానికి ఎవరూ చెప్పక్కర్లేదు.

“మేకే,” అంది.

“మేకే అత్తయ్యా.”

“ఇత్తడిదే.”

“ఆ.”

“మరి... ఆ సందు?”

“కావాలనే వదిలాడు. గాలి పైనుంచి పోవాలని. ఆ అంచు చూడండి, ఎంత నున్నగా తీశాడో. చెక్క మరిచిపోలేదు. పూర్తి చేశాడు.”

అత్తగారు గూడు తలుపు చట్రం పట్టుకుని అలాగే కింద కూర్చుండిపోయింది. “పూర్తి చేశాడా!” అంది, ఎవరినో అడుగుతున్నట్టు. “నేనే కదే మూసింది. వాడు చక్కగా చేసి పెడితే నేనే మూశాను. సగం, సగం అని నోటికొచ్చినట్టు... చచ్చినా వాణ్ణి నమ్మలేదు చూడు నేను.”

“చొక్కాలు అందించింది నేను,” అంది కోడలు. ఆమె కూడా పక్కనే కూర్చుంది. ఇక దాచుకోలేక చెప్పింది. “ఆ రోజు గేటు దగ్గర ఒక మాటన్నాడు అత్తయ్యా. మీరు లోపల స్నానం చేస్తున్నారు, పాట పాడుతున్నారు. కాసేపు ఆగి చూశాడు. మీరు రాలేదు. అమ్మకి చెప్పు, ఈసారి నిజంగానే పూర్తి చేశాను, వెళ్ళి చూసుకోమను అన్నాడు. నేను నవ్వాను. నీది ఎప్పుడు పూర్తి కాలేదు గనక అన్నాను. మీకు చెప్పలేదు. సాయంత్రం చెప్పొచ్చులే, ఇద్దరం కలిసి ఏడిపించొచ్చులే అనుకున్నాను. ఆ సాయంత్రం...”

సగం వేసిన జడ విడిపోయేలా ఏడ్చింది. అతను పోయిన రోజున కూడా అంత ఏడవలేదు. ఆ రోజు చుట్టూ జనం ఉన్నారు.

ఇప్పుడు తిడుతుంది అనుకుంది. అత్తగారు తిట్టలేదు. తన శాలువా సగం తీసి కోడలి వీపు మీద కప్పింది. “ఎవరు పంపకపోయినా వెళ్ళేవాడే వాడు. ఒప్పుకున్న పని మానేస్తాడా? నేను ఇందాక అన్నది... అది వదిలెయ్ తల్లీ,” అంది. శాలువా సర్దుతూ, “ఇంకోసారి చెప్పు,” అంది.

“ఏంటి?”

“వాడన్నది. ఎలా అన్నాడో అలాగే చెప్పు.”

కోడలు చెప్పింది. అత్తగారు పెదాలు కదుపుతూ ఒక్కొక్క మాటా వెంట పలికింది.

ఆ రోజు కోడలు పనికి వెళ్ళలేదు. తడి పొట్టంతా ఎత్తి పారబోసి, మిగిలిన ఆఖరి సంచి విప్పింది. దాచుకుందామన్నట్టు అత్తగారు గుప్పెడు పట్టుకుని, వాసన చూసి, దాన్ని కూడా గూట్లోనే చల్లేసింది. బల్బు తీసేశారు. పశువుల డాక్టరు ఇచ్చిన మందు నీళ్ళలో కలిపి పెట్టారు. మంచు విడిచి ఎండ వచ్చేసరికి పిల్లల్లో ఒకటి లేచి ఈకలు దులుపుకుంది. ఆ తర్వాత ఇంకోటి గింజ ముట్టింది. పుంజుపిల్లనీ దాని తోడుదాన్నీ జామచెట్టు మొదట్లో పాతిపెట్టి, చొక్కాలు ఉతికి దండెం మీద ఆరేశారు. గాలికి వాటి చేతులు ఊగుతుంటే ఇద్దరూ అటు చూడకుండా పని చేసుకున్నారు.

సాయంత్రం డ్యూటీ దిగి ఆడపడుచు వచ్చింది. భుజాన టిక్కెట్ల సంచి ఇంకా ఉంది. ఫోనులో సగం సగం విని కంగారుగా వచ్చినట్టుంది. గూడు చుట్టూ తెరుచుకున్న సందు చూసి నుదురు కొట్టుకుంది.

“ఇంత చలిలో ఆ గుడ్డలెందుకు పీకారమ్మా? రేపు ఎవరినైనా వడ్రంగిని పిలుచుకొచ్చి చెక్కలు కొట్టిస్తాను. ఈ సగం పనిగాడు ఏం చేసినా ఇంతే.”

“ఆ మాట అనకు,” అంది అత్తగారు.

గట్టిగా ఏమీ అనలేదు. కూతురి చెయ్యి పట్టుకుని వంగదీసి, దూలం లోపలివైపు పెట్టింది. కండక్టరమ్మ వేలు అక్కడ ఆగింది. తల గూట్లోనే ఉండిపోయింది. టిక్కెట్ల సంచి మాత్రం వణుకుతూ కనిపించింది.

లోపల పిల్లలు అడ్డకర్ర మీద ఒకదాన్నొకటి ఒరుసుకుని కూర్చున్నాయి. వాటి పైనుంచి గాలి వచ్చి, వాటిని తాకకుండా వెళ్ళిపోతోంది.

“అమ్మాయ్,” అని పిలిచింది అత్తగారు కోడల్ని. ఉతికిన చొక్కాలు మడతపెడుతున్న కోడలు తలెత్తింది.

“గేటు దగ్గర ఏమన్నాడో మీ వదినకి కూడా చెప్పు. నేనూ వింటాను.”